సాఫ్టుబాలు క్రీడయు శిక్షకుల బాధ్యతయు

మన గ్రామములలోని ఉన్నత పాఠశాలలు విద్యకే గాక దేహదార్ఢ్యమునకు గూడ నెలవులు కావలెనని పెద్దలు చిరకాలముగ గోరుచున్నారు. ఆ కోరిక కొంతవరకు ఫలించుచున్నది. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు ఆటల సరసను నేడు సాఫ్టుబాలును రాయలసీమలో చోటు సంపాదించుకొనుచున్నది. కడపనుండి మైదుకూరునకు బోవు రహదారిపైనున్న ఖాజీపేట మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలవరకు గల రైతుబిడ్డలకు, అందు ముఖ్యముగ ఆడుబిడ్డలకు, ఊరు దాటి పేరు దెచ్చుకొనుటకు ఈ యాట మంచి మార్గము కాగలదు. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే గెలుపోటములను నిర్ణయించు నియమములు ఆటవెంట వచ్చినంత శీఘ్రముగ, బిడ్డను గాపాడు నియమములు వచ్చినట్లు కానరాదు. ఈ లోపమును గూర్చియే నేడు పాఠకులతో ముచ్చటింపదలచితిమి.

సాఫ్టుబాలు అనగా మెత్తనిబంతి. ఈ పేరే మనలను మోసపుచ్చుచున్నది. 1887వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున ఫారగట్ బోటు క్లబ్బువారి భవనములో జార్జి హాన్‌కాక్ అను నాతడు బాక్సింగు గ్లౌజును త్రాటితో బిగించి బంతిగ జేసి, కఱ్ఱతో గొట్టించి యీ యాటకు నాంది పలికెను. నాటి బంతి మెత్తనిదే. నేటి బంతి యట్టిది గాదు. దాని చుట్టుకొలత 12 అంగుళములు. తూకము 177 గ్రాములు మొదలు 198 గ్రాములవరకు నుండును. పురుషులాడు క్రికెట్టు బంతి 163 గ్రాములకు మించదు. అనగా మెత్తనిదని మనము బిడ్డచేతికిచ్చు బంతి, గట్టిదని మనము భయపడు బంతికంటె బరువైనదన్నమాట. ఇంకొక విశేషము గలదు. క్రికెట్టులో వికెట్టునుండి వికెట్టునకు 66 అడుగుల దూరముండగా, బాలికల సాఫ్టుబాలులో బంతి విసరు చోటునకును బ్యాటు పట్టు చోటునకును నడుమ 43 అడుగులు మాత్రమే కలవు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు బంతి అర సెకనుకు కొంచెము మించిన కాలములో ముఖముమీదికి వచ్చును. ఆ కాలములో బాలిక చూడవలెను, నిశ్చయించుకొనవలెను, కొట్టవలెను, లేదా తప్పుకొనవలెను.

మన దేశమున 1961లో భారత సాఫ్టుబాలు సంఘము స్థాపింపబడినది. అంతకు ముందే, 1954లో నేర్పడిన పాఠశాలల క్రీడా సమాఖ్యవారు ఈ యాటను తమ పోటీలలో జేర్చుకొని, పదునాలుగేండ్లు నిండని పిల్లలకు సైతము వేరుగ పోటీలు నడపుచున్నారు. మన పొరుగుననున్న అనంతపురములో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారి క్రీడాగ్రామమున పల్లెబిడ్డలు దీని నభ్యసించుచున్నారు. ఒలింపిక్ పోటీలలో 1996లో ప్రవేశించిన యీ మహిళాక్రీడ 2008 తరువాత తొలగింపబడి, టోక్యో పోటీలలో మరల గానవచ్చి, 2028 నాటి లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ పోటీలలో భాగముగ మరల జరుగనున్నది. కావున ఈ యాట యిచ్చట నిలుచునా నిలువదా యను సందేహమునకు దావు లేదు. నిలుచునది గనుకనే దానిని సరిగా నిలుపవలసిన బాధ్యత మనపై నున్నది.

ఆటకు బుట్టినిల్లయిన అమెరికాలో ఏటేట మూడు లక్షలకు పైబడిన ఉన్నత పాఠశాలల బాలికలు దీని నాడుచున్నారు. అచ్చటి శిక్షకుని స్థితి యెట్లున్నదో చూడుడు. ఆట యారంభమగుటకు ముందే ఆతడు అంపైరు నెదుట నిలిచి, తన జట్టులోని ప్రతి బాలికయు నియమానుసారముగ సాధనములను ధరించియున్నదని స్వయముగ పూచీ పడవలెను. బ్యాటు పట్టినవారును, తరువాతి వంతుకై వేచియున్నవారును, పరుగెత్తువారును శిరస్త్రాణములను ధరింపవలెను. 2006వ సంవత్సరమునుండి ఆ శిరస్త్రాణమునకు ముఖకవచము గూడ నుండితీరవలెను. వెనుక గూర్చుండి బంతి పట్టు క్యాచరునకు తలకు, గొంతునకు, రొమ్మునకు, మోకాళ్ల క్రిందికి వేర్వేరు కవచములు కావలెను. ఉఱుము వినబడినచో ఆట నిలుపవలెను. చివరి యుఱుము వినబడిన పిమ్మట 30 నిముషములు గడువనిదే తిరిగి యారంభింపరాదు. ఇవి ఉపదేశములు గావు, నిబంధనలు. పాటింపని పక్షమున ఆటయే జరుగదు.

తలకు దగిలిన దెబ్బను గూర్చిన నియమము వీనిలో నెల్ల ముఖ్యమైనది. 2006లో వాషింగ్టన్ రాష్ట్రమున జాకరీ లిస్టెడ్ అను పదుమూడేండ్ల బాలుడు ఫుట్‌బాలు పోటీలో తలకు దెబ్బ దగిలియు, కొంతసేపు విశ్రమించి తిరిగి యాటలో దిగెను. ఆట ముగియునప్పటికి తలలో రక్తస్రావమై ప్రాణాపాయమునకు వచ్చెను. ఆ బాలుని పేరనే 2009లో అచ్చట శాసనమొకటి పుట్టినది. తలదెబ్బ దగిలెనన్న సందేహము గలిగినంతనే ఆటగానిని బయటికి దీయవలెను. వైద్యుని వ్రాతపూర్వకమైన యనుమతి లేనిదే తిరిగి యాడింపరాదు. ఇది యా శాసనసారము. 2014 నాటికి ఆ దేశములోని యన్ని రాష్ట్రములును ఇట్టి శాసనములను జేసికొన్నవి. ఈ విషయమున మనకు గల యనుభవము తక్కువ గాదు. మన దేశపు క్రికెట్టు ఆటగాడు రమణ్ లాంబా 1998లో ఢాకా నగరమున శిరస్త్రాణము లేక దగ్గరగా నిలిచి ఫీల్డింగు చేయుచుండగా బంతి తలకు దగిలి, నడచుచు బయటికి వచ్చియు, మూడుదినములలో మరణించెను. దెబ్బ తగిలినవాడు లేచి నిలిచెనను మాట వానికి ప్రమాదము లేదనుటకు సాక్ష్యము గాదు. తలనొప్పి, వాంతి, కండ్లు మసకలగుట, అడిగిన ప్రశ్ననే మరల నడుగుట మొదలగు లక్షణములు గంటల తరబడి యాగి కూడ బయటపడవచ్చును. "ఏమీ లేదులే, లేచి యాడు" అను మాట మన మైదానములనుండి తొలగిపోవలెను.

ఎండను గూర్చి కడప జిల్లా పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు సీమ యిది. ఎండకు భయపడి మార్చి నెలలోనే ఒంటిపూట బడులు పెట్టుచున్నాము. అట్టిచో బడి విడచిన మిట్టమధ్యాహ్నవేళ పోటీలకు సాధన చేయించుట యెట్టి న్యాయము? చైత్ర వైశాఖములలో నడిమింటి సూర్యుని క్రింద ఎద్దును కాడికి గట్టు రైతు మన సీమలో నున్నాడా? ఎద్దునకు జూపు కనికరము బిడ్డకు జూపవలదా? ఎండకు శరీరము అలవాటు పడుటకు పదిదినములు మొదలు రెండు వారములు పట్టును. కావున తొలిదినములలో సాధనను కొద్దిగా నారంభించి క్రమముగ బెంచవలెను. దాహము వేసినప్పుడు నీళ్లడిగిన బిడ్డను కసరుట శిక్షణ గాదు. వడదెబ్బ తగిలి మాట తడబడిన బాలికను వాహనమునకై ఎదురుచూచుచు కూర్చుండబెట్టరాదు. మొదట చన్నీటిలో ముంచియో, తడిగుడ్డలు కప్పి నీళ్లు చల్లి విసరియో దేహమును చల్లబఱచి, పిమ్మట ఆసుపత్రికి జేర్పవలెను.

ఇక మైదానము. మన బళ్ల బయళ్లలో పల్లేరుకాయలు, గులకఱాళ్లు, గాజుపెంకులు సామాన్యము. కడప బండలకు కొఱతలేని సీమ గనుక, బేసునకు బదులుగ బండముక్కనో, ఇటుకనో యుంచు పొరపాటు సులభముగ జరుగవచ్చును. పరుగెత్తివచ్చి జారిపడు బాలిక చీలమండ ఆ బండకు దగిలినచో ఏమగునో చెప్పవలెనా? 1988లో అమెరికా వైద్యులు ప్రకటించిన యొక పరిశీలనలో, నేలకు గట్టిగ బిగించిన బేసునకు బదులు, తగిలినంతనే ఊడివచ్చు బేసును వాడినప్పుడు జారుటవలన గలుగు గాయములు నూటికి 96 వంతులు తగ్గినవని తేలినది. అట్టి బేసులు కొనజాలని పాఠశాలవారు సున్నముతో చతురస్రము గీసి, జారుట నిషేధించి యాడింపవచ్చును. మొదటి బేసునొద్ద పరుగెత్తు బాలికయు, బంతి పట్టు బాలికయు ఢీకొనకుండ ప్రక్కప్రక్కనే రెండు బేసులుంచు పద్ధతి యొకటి గలదు; లోపలిది తెల్లనిది, వెలుపలిది నారింజవన్నెది. ఇదియు రెండు రంగులతో గీసికొనవచ్చును. పైకము లేదను సాకు దీనికి చెల్లదు.

ఇన్ని కవచములు కొనుటకు మన పేదబళ్లకు శక్తి యెక్కడిదని కొందఱు ప్రశ్నింపవచ్చును. లెక్క చూతము. ఒక సమయమున బ్యాటు పట్టునది యొక్కతె, వేచియుండునది యొక్కతె, పరుగులో నుండువారు ముగ్గురికి మించరు. ఒక జట్టు కొట్టుచుండగా రెండవ జట్టు బంతి పట్టుచుండును గనుక ఐదు శిరస్త్రాణములు, ఒక క్యాచరు కవచముల జత యుండిన రెండు జట్లకును సరిపోవును. సమగ్ర శిక్షా పథకముక్రింద ఉన్నత పాఠశాలకు ఏడాదికి 25,000 రూపాయలవరకు క్రీడాసామగ్రికై ఇయ్యవచ్చునని నియమము గలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఆటస్థలమును, ఆటసామగ్రిని పాఠశాల ప్రమాణములలోనే చేర్చినది. బ్యాట్ల సంఖ్యను తగ్గించియైనను శిరస్త్రాణమును ముందు కొనవలెనని మా యభిప్రాయము.

మఱికొందఱు, "మా చిన్ననాట వట్టికాళ్లతో ఆడలేదా? ఇంత జాగ్రత్త బిడ్డలను పిఱికివారిని జేయును" అందురు. మట్టిలో బడి మోకాలు గీచుకొనుట వేఱు. బరువైన బంతి కణతకు దగులుట వేఱు. మొదటిది ధైర్యము నేర్పును. రెండవది బిడ్డనే తీసికొనిపోవచ్చును. వేఱొక వాదము మఱింత ఆలోచింపదగినది. నిబంధనలు పెంచి బాధ్యత నంతయు డ్రిల్లు మాస్టరుపై మోపినచో, ఆతడు భయపడి ఆటలే మానివేయునేమో యని శంక. వందలకొలది పిల్లల కొక్కడే వ్యాయామోపాధ్యాయుడు గల చోట ఈ శంక నిర్హేతుకము గాదు. కాని స్పష్టమైన నియమమే యుపాధ్యాయునకు రక్ష. ఏమి చేయవలెనో వ్రాసి యున్నప్పుడు, దానిని చేసినవానిని ఎవ్వరును నిందింపజాలరు. వ్రాసి లేనప్పుడే ప్రమాదానంతరము ఊరెల్ల న్యాయాధిపతులగుదురు.

కావున విద్యాశాఖవారు తెలుగులో నాలుగు పుటలకు మించని నియమావళి నొకదానిని ప్రకటించి, ప్రతి వ్యాయామోపాధ్యాయునకును అందజేయుట అవసరము. ఆట కుపక్రమించుటకు ముందు మైదానమును, బ్యాట్లను, కవచములను పరీక్షించి పుస్తకమున వ్రాలు చేయుట. తలదెబ్బ తగిలినవారిని ఆనాడు తిరిగి యాడింపకుండుట. ఒకే బాలికచేత దినదినమును బంతి విసరించి భుజము చెడగొట్టకుండుట. ఎండకు, పిడుగుకు ఆట నిలుపుట. ఇవి యందు ముఖ్యాంశములు గావలెను. రొమ్మునకు బంతి గట్టిగ దగిలి గుండె హఠాత్తుగ నిలిచిపోవుట అరుదైనను జరుగుచున్నది. అప్పుడు మొదటి కొలది నిముషములే ప్రాణము. 2005లో మన రాష్ట్రమున నారంభమైన 108 వాహనము వచ్చులోపల రొమ్మును అదిమి గుండెను నడపు విద్య ప్రతి శిక్షకునకును వచ్చియుండవలెను. కడప, ప్రొద్దుటూరు ఆసుపత్రుల వైద్యులు ఏడాది కొక దినము కేటాయించినచో ఈ విద్యను నేర్పుట కష్టము గాదు.

బాలికల క్షేమమనునది బంతిదెబ్బతో ముగియదు. పోటీలకై పరయూళ్లకు బోవునప్పుడు వారివెంట ఉపాధ్యాయిని యుండవలెను; బస, ప్రయాణము తల్లిదండ్రులకు ముందుగ దెలియవలెను. విద్యాహక్కు చట్టము బిడ్డను కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను నిషేధించినది. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, బాలబాలికలపై అత్యాచారము జరిగెనని తెలిసినవారు పోలీసులకు దెలుపక యూరకుండుట సైతము నేరము. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడాపరిపాలన శాసనము, క్రీడాకారుల రక్షణకు ప్రత్యేక విధానమును గోరుచున్నది. ఇవి ఢిల్లీలో నుండు కాగితములుగ మిగులక, మండల పోటీల మైదానమువరకు దిగిరావలెను. ఆడుబిడ్డను ఆటకు బంపుటకు జంకు తండ్రికి ధైర్యము చెప్పదలచినచో, ఈ రక్షణలను జూపి చెప్పవలెను గాని వట్టిమాటలతో గాదు.

చివరగా గ్రామములలోని భూస్వాములకును, పట్టణములలోని వర్తకులకును, ఉద్యోగులకును ఒక మాట. పోటీలు జరిగినప్పుడు కప్పులు, జ్ఞాపికలు బహూకరించుటకు దాతలు ముందునకు వచ్చుచున్నారు. అది ప్రశంసనీయమే. ఈ యేడు కప్పునకు బదులు శిరస్త్రాణముల నీయుడు. జ్ఞాపికకు బదులు మైదానమును దున్ని, ఱాళ్లేరి, చదును చేయించి యీయుడు. మీ ట్రాక్టరునకు అది యొక పూట పని. బోరునీళ్లున్నవారు సాధనవేళ రెండు బిందెలు పంపుడు. పాఠశాల యాజమాన్య సంఘములో సభ్యులైనవారు సమావేశమున సంతకము చేసి వెడలక, కవచము లున్నవా, ప్రథమచికిత్స పెట్టె యున్నదా, దానిలో మందులున్నవా యని యడుగుడు. శిక్షకుడు నియమము పాటించి ఆట నిలిపినప్పుడు, ఓడిపోవుచున్నది మీ యూరి జట్టేయైనను, ఆతని పక్షమున నిలువుడు. గెలుపు వచ్చే యేటికైనను దొరకును. ఉదయమున బడికి బంపిన బిడ్డ సాయంకాలము నవ్వుచు నింటికి జేరుట ప్రతిదినమును జరుగవలసిన పని.