ఒక్క ముక్కు చాలన్నాడు

డియోర్ కంపెనీ 1956లో విడుదల చేసిన ‘డియోరిసిమో’ సెంటు రాసుకుంటే లిలీ ఆఫ్ ద వ్యాలీ పూల వాసన గుప్పుమంటుంది. సీసాలో ఆ పువ్వు మాత్రం లేదు, ఉండే వీలూ లేదు. గులాబీని బట్టీ పెడితే అత్తరు దిగుతుంది. జాజిని ద్రావకంలో నానబెడితే సారం వస్తుంది. ఈ చిన్న తెల్లపూలు దేనికీ లొంగవు, సెంటుకు పనికొచ్చే తైలం వీటి నుంచి రాదు. ఆ వాసన కావాలంటే వేరే సరుకులతో ఎవరో ఒకరు కట్టాల్సిందే. కట్టినవాడు ఎద్మోం రుద్నిత్‌స్కా.

అందుకోసం ఆయన ఆ మొక్కల్ని తన తోటలోనే పెంచుకున్నాడు. సెంట్లకు పుట్టినిల్లయిన గ్రాస్ పట్టణానికి ఎగువన, కాబ్రిస్ కొండమీద ఆయన ఇల్లూ తోటా ప్రయోగశాలా ఉండేవి. అసలు పువ్వునూ తన మిశ్రమాన్నీ పక్కపక్కన పెట్టి వాసన చూసుకునే వీలు అక్కడ దొరికింది. హైడ్రాక్సీసిట్రొనెల్లాల్ అనే కృత్రిమ పదార్థం అప్పటికే దశాబ్దాలుగా వాడుకలో ఉంది. దాన్ని ఆధారం చేసుకుని జాజినీ పచ్చి ఆకు వాసననూ జతచేశాడు. ఆనాటి సెంట్లు తీపితో బరువెక్కిపోయాయని ఆయన ఫిర్యాదు. తన జాబితాను కావాలనే పొట్టిగా ఉంచాడు.

పుట్టింది 1905లో, నీస్‌లో. రోషా కంపెనీ కోసం ‘ఫామ్’ సెంటును కట్టింది 1943లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో. ఒకవైపు చెత్తకుప్ప, ఇంకోవైపు రంగుల ఫ్యాక్టరీ మధ్య ఆ పని చేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఎంత మొండి ముక్కో! 1946లో ‘ఆర్ట్ ఎ పార్ఫం’ పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నాడు.

ఆ ‘సొంత’లోనే అంతా ఉంది. పెద్ద సంస్థల్లో పెర్ఫ్యూమర్ జీతగాడు. ఎలాంటి సెంటు కావాలో కొనే కంపెనీ రాసి పంపుతుంది. దానికి పలువురు పోటీపడతారు. నమూనాలను జనానికి వాసన చూపించి అభిప్రాయాలు అడుగుతారు. రుద్నిత్‌స్కాకు ఈ తంతు గిట్టేది కాదు. ఆయన పక్షమే నాదీ. వందమందిలో ఒక్కరికీ అభ్యంతరం లేని వాసన ఆ వందమందిలో ఎవరికీ గుర్తుండదు. వాయిద్యం ముట్టకుండానే స్వరకర్త పాట వినగలిగినట్టు, పెర్ఫ్యూమర్ కూడా ముందు తలలోనే వాసనను కూర్చాలనేది ఆయన పట్టుదల. బల్లమీద కలపడం ఆ తర్వాతి పని.

డియోర్ కోసమే కట్టగా 1966లో వచ్చిన ‘ఓ సొవాజ్’ ఇలా తలలోనే కూర్చడానికి మంచి ఉదాహరణ. జాజి తైలం మీద జరిగిన పరిశోధనలోంచి ఫిర్మెనిక్ కంపెనీ రసాయనవేత్తలు హెడియోన్ అనే పదార్థాన్ని బయటికి తెచ్చారు. విడిగా పీలిస్తే అందులో పెద్ద విశేషం కనిపించదు. రుద్నిత్‌స్కా దాన్ని నిమ్మ వాసనల మధ్య కొద్దిగా వేశాడు, మిశ్రమమంతా గాలాడినట్టయింది. మగవాళ్లకని అమ్మిన ఆ సెంటును ఆడవాళ్లూ రాసుకున్నారు.

భార్య థెరేజ్ కోసం కట్టిన ఇంకో సెంటు దశాబ్దాలపాటు ఆమె ఒంటిమీదే ఉండిపోయింది. ఆయన 1996లో పోయాక, 2000లో ఫ్రెడెరిక్ మాల్ అనే సెంట్ల వ్యాపారి దాన్ని అమ్మకానికి తెచ్చి, సీసామీద రుద్నిత్‌స్కా పేరు వేశాడు. అంతకుముందు ఆయన సీసాల మీద ఉన్నవన్నీ కంపెనీల పేర్లే.

పరిమళమూ కళాకృతేనని ఆయన జీవితమంతా వాదించాడు, 1977లో సౌందర్యశాస్త్రం మీద లావుపాటి పుస్తకమే రాశాడు. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకోలేదు. పరిమళం కేవలం పనితనమేననీ, దానికి కాపీరైట్ వర్తించదనీ 2006 జూన్‌లో తేల్చింది. విచిత్రమేమిటంటే అదే నెలలో నెదర్లాండ్స్ సుప్రీంకోర్టు, వేరే సెంటు కేసులో, వర్తించవచ్చని చెప్పింది.

కోర్టులకంటే పెద్ద చిక్కు ముడిసరుకుది. హైడ్రాక్సీసిట్రొనెల్లాల్ కొందరికి చర్మం మీద అలర్జీ తెప్పిస్తుందని తేలాక దాని మోతాదుకు పరిమితి పెట్టారు. ఇవాళ షాపులో కొనే డియోరిసిమో 1956 నాటి డియోరిసిమో కాదు. పాతది పీల్చినవాళ్లకు ఈ మాట అందించి చూడండి, గంటసేపు వదలరు.