పాత పందెపు కారు కొనే ముందు

నరసాపురం అనగానే మనవాళ్లలో చాలామందికి గోదావరి జిల్లా, లేసు అల్లికలు గుర్తుకు వస్తాయి. నేను చెప్పేది ఆ నరసాపురం గురించి కాదు. బెంగుళూరు నుంచి కోలారు వచ్చే రహదారి పక్కనున్న మన నరసాపురం గురించి. 2013లో ఇక్కడ హోండా మోటారు సైకిళ్ల కర్మాగారం మొదలయ్యాక ఇది కొత్త బండ్లు పుట్టే ఊరైంది. ఇక పాత యంత్రాలను బతికించే చేతులు కావాలంటే కె.జి.ఎఫ్. దాకా వెళ్తే చాలు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి గానీ, గనుల్లోనూ, భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారంలోనూ పనిచేసిన ఫిట్టర్లు, టర్నర్లు, వారి దగ్గర పని నేర్చినవారు ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నారు. అరిగిపోయిన ఇరుసును చూసి, లేతు మీద మరొకటి తీసి ఇవ్వగల పనితనం వారిది.

ఇటీవల మన కుటుంబాల్లోని కుర్రాళ్లకు ఒక కొత్త సరదా పట్టుకుంది. యాభై, అరవై ఏళ్ల నాటి కారు కొనాలి, దాన్ని బాగు చేయించాలి, పాత కార్ల పందాల్లో నడపాలి. పెద్దవాళ్లకు ఇది డబ్బు తగలేసే పనిగా కనిపిస్తుంది. కుర్రాళ్లకేమో పెద్దలకు రసికత లేదనిపిస్తుంది. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో ఇతరుల డబ్బు లెక్కలు చూసినవాడిగా ఇద్దరికీ పనికివచ్చే నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

ఈ పందాలు ఏమిటి?

ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కార్ల క్లబ్బు 1934 లోనే ఏర్పడింది. అక్కడి గుడ్‌వుడ్ ట్రాక్ మీద 1948 నుంచి 1966 వరకు పందాలు జరిగాయి. ఆ కాలపు కార్లతోనే 1998 నుంచి మళ్లీ ఏటా పందాలు నడుపుతున్నారు. అమెరికాలో మాంటెరే పాత కార్ల పందాలు 1974లో మొదలయ్యాయి.

మన దక్షిణ దేశానికీ ఈ చరిత్ర ఉంది. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి షోలవరం విమానాల రన్‌వే మీద దశాబ్దాల పాటు పందాలు జరిగాయి. ఆ తరువాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. మన కోలారు నుంచి ముళబాగిలు, చిత్తూరు, రాణిపేట మీదుగా వెళితే ఒక పగటి ప్రయాణం. కోయంబత్తూరు దగ్గర 2.1 కిలోమీటర్ల కరి మోటార్ స్పీడ్‌వే ఉంది.

మొదట పోటీ, తరువాత కారు

చాలామంది చేసే పని ఏమిటంటే, కారు చూసి మనసు పారేసుకుని, కొన్నాక దాన్ని ఏ పోటీలో నడపాలా అని వెతకడం. ఇది తిరగేసిన లెక్క. ఏ పోటీలో దిగుతారో ముందు నిర్ణయించుకోండి. ఆ ఏటి నిబంధనల పుస్తకం నిర్వాహకుల దగ్గర తీసుకోండి. ఏ సంవత్సరాల కార్లకు అనుమతి, ఏ మార్పులు చేయవచ్చు, ఏవి కూడదు అన్నది అందులో ఉంటుంది. అంతర్జాతీయ స్థాయి పందాలకైతే కారు ఆ కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉందని చెప్పే సాంకేతిక పాసుపోర్టు కూడా కావాలి.

మన దేశంలో ఇంకొక మెలిక ఉంది. 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. నంబరు పలక మీద రాష్ట్రం అక్షరాల తరువాత 'వి.ఏ.' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే తీయాలి.

ఇక్కడే ఆలోచించుకోవాలి. పందానికి కావలసిన ఇనుప పంజరం బిగించి, ఇంజను మార్చి, బాడీ కోసేస్తే అసలు రూపం పోతుంది, దానితోపాటు వింటేజి గుర్తింపూ పోయే ప్రమాదం ఉంది. ర్యాలీకి వెళ్లే కారు వేరు, పందెపు కారు వేరు. ఒక్క బండితో రెండు సరదాలూ తీర్చుకోవాలంటే కుదరకపోవచ్చు. పందెపు కారును ట్రక్కు మీద తీసుకువెళ్లడమే పద్ధతి.

ఏ కారు?

పేరు మోసిన ఎం.జి., ట్రయంఫ్, జాగ్వార్ కార్లు చూడగానే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని కారు అందం కన్నా మీ మెకానిక్కుకు తెలిసిన ఇంజనా కాదా అన్నది ముఖ్యం. ఉదాహరణకు ఎం.జి.ఏ. తొలి కార్లలో ఉన్న 1489 సి.సి. ఇంజనూ, మన అంబాసిడర్‌లో చాలాకాలం వాడిన 1489 సి.సి. ఇంజనూ ఒకే కుటుంబానివి. అంబాసిడర్ విప్పి బిగించిన పాత మేస్త్రీకి ఎం.జి. ఇంజను మరీ పరాయిది కాదు.

అలాగే మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మన వీధుల్లో తిరిగిన కారే. 948 సి.సి. ఇంజను, విడిగా ఉండే ఛాసిస్ మీద బిగించిన బాడీ. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారును హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి తయారు చేశారు. హెరాల్డ్ చాలా చిన్న జాగాలో మళ్లుతుంది. అయితే వేగంగా మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు లోపలికి ముడుచుకునే గుణం ఉంది కనుక సస్పెన్షన్ మీద శ్రద్ధ పెట్టాలి.

బొంబాయిలో తయారైన ఫియట్ 1100 మరొకటి. 1089 సి.సి. ఇంజనుకు విడిభాగాలు దొరుకుతాయి. బెంగుళూరులో 1982 నుంచి తయారైన సిపానీ డాల్ఫిన్ బాడీ ఫైబరుది. 848 సి.సి. ఇంజనుతో తేలిగ్గా ఉండటం వల్ల అది కుటుంబాల కన్నా రేసు, ర్యాలీ కుర్రాళ్లకే ఎక్కువ నచ్చింది. కాని దానికి 2032 వరకు 50 ఏళ్లు నిండవు.

చూడవలసినవి

పాత కారుకు రంగు అనేది పెళ్లిచూపుల నాటి అలంకరణ వంటిది. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్లండి. ఇనుప బాడీ మీద అది అంటుకోని చోట రంగు కింద పుట్టీ పూసి ఉంటుంది. ఫియట్‌కు విడి ఛాసిస్ లేదు, బాడీయే బలం. కనుక తలుపుల కింది భాగం, నేల రేకు తుప్పు పట్టి ఉంటే ఖర్చు పెద్దది. హెరాల్డ్‌కు ఛాసిస్ చట్రం, దాని పక్క కొమ్మలు చూడండి. డాల్ఫిన్ బాడీ తుప్పు పట్టదు, కాని పగుళ్లు ఇస్తుంది. కింది ఇనుము మాత్రం తుప్పు పడుతుంది.

ఇంజనును చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ఎందుకో అడగండి. ప్రతి సిలిండరులోనూ కంప్రెషన్ కొలిపించండి. ఒకదానికీ మరొకదానికీ బాగా తేడా ఉంటే ఇంజను విప్పక తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కాగితం. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద మీ కళ్లతో చదివి, ఆర్.సి. పుస్తకంతో అంకె అంకె సరిచూడండి. పాత అప్పు తీరినా పుస్తకంలో తాకట్టు నమోదు అలాగే ఉండిపోతే 35వ నంబరు ఫారం కావాలి. యాజమాన్యం మార్పుకు 29, 30 ఫారాలు. బండి చిత్తూరుదో మద్రాసుదో అయితే అక్కడి ఆఫీసు నుంచి 28వ ఫారం మీద నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటేనే కోలారు కె.ఏ.07 లోనో, కె.జి.ఎఫ్. కె.ఏ.08 లోనో నమోదు చేస్తారు. యజమాని చనిపోయి ఉంటే వారసులందరి సంతకాలూ అడగండి. ఒక్కరి సంతకంతో డబ్బు ఇచ్చేయకండి.

విదేశంలో ఉన్న అబ్బాయి అక్కడి కారును ఇక్కడికి తెస్తానంటే, ఒకప్పుడు 1950కి ముందు తయారైన వాటికే ఆ అవకాశం ఉండేది. 2025లో 50 ఏళ్లు దాటిన కార్లకు సడలింపు వచ్చింది. అయినా సుంకాలు భారీగానే ఉంటాయి. కస్టమ్స్ పని తెలిసినవారితో లెక్క వేయించాకే ఓడ ఎక్కించాలి.

డబ్బు మాట

మా తమ్ముడి కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఒక ఆదివారం వచ్చి, "పెదనాన్నా, పాత కారుకు లోను ఇస్తారా?" అన్నాడు.

"కారు వయసెంత రా?" అన్నాను.

"నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దది."

"అయితే కారు లోను రాదు. వస్తే పర్సనల్ లోను వస్తుంది, వడ్డీ ఎక్కువ. చెల్లెలి పెళ్లికి దాచినదాన్ని మాత్రం ముట్టుకోకు."

వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. లోపల మా మరదలు వింటూనే ఉంది. నేను కాగితం తీసి రెండు గీతలు గీశాను. చేతిలో ఉన్న డబ్బు నాలుగు లక్షలనుకుంటే, కారుకు రెండు లక్షలు మించకూడదు. మిగిలిన రెండూ ఇంజను, బ్రేకులు, టైర్లు, భద్రతా సామాను, పోటీ రుసుము, ట్రక్కు బాడుగ. ఆ ఖర్చులకు మిగలకపోతే ఆ ఏడాది కారు కొనవద్దు. మంచమున్నంత వరకే కాళ్లు చాపుకోవాలి.

రెండు హెరాల్డ్‌లు చూశాడు. ఒకటి ఎర్రగా నిగనిగలాడుతోంది, కాగితాలు సగమే. మరొకటి వెలిసిపోయింది, కాని 1968 నుంచి పుస్తకం, రసీదులు అన్నీ ఉన్నాయి. ఒక ఏడాది ఆగి, రెండోదాన్నే తీసుకున్నాడు. మా మరదలు అప్పు లేదని తెలిశాకే హారతి పళ్లెం తెచ్చింది.

ఇందులో లాభం వస్తుందనుకుని దిగవద్దు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత పాత కార్ల విషయంలో అక్షరాలా నిజం. సొంత వాడకానికి ఉన్న కారు అమ్మితే వచ్చిన మిగులుకు సాధారణంగా మూలధన లాభం పన్ను ఉండదు నిజమే. మిగులు ఉంటేనే కదా!

ప్రాణం మాట

మన మామూలు మోటారు బీమా పాలసీ తీసి, వాడకం పరిమితులన్న భాగం చదవండి. పందాలకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని ఉంటుంది. వ్యక్తిగత ప్రమాద బీమాలోనూ ఇటువంటి మినహాయింపులు చాలాచోట్ల ఉంటాయి. కనుక పోటీ నిర్వాహకుల బీమా ఎంతవరకు కాపాడుతుందో లిఖితపూర్వకంగా తెలుసుకోండి. డ్రైవరుకు రేసింగ్ లైసెన్సు, వైద్య పరీక్ష, మంచి హెల్మెట్టు, నిప్పు అంటని దుస్తులు కావాలి. కారుకు ఇనుప పంజరం, బిగుతైన బెల్టులు, మంటలార్పే సిలిండరు, కరెంటు ఒక్కసారిగా తెంచే స్విచ్చి కావాలి. వీటిలో దేనినీ బేరమాడి తగ్గించకండి.

హొసకోటె నుంచి మాలూరు, బంగారుపేట వైపు వేసిన కొత్త ఎక్స్‌ప్రెస్ దారి ఖాళీగా కనిపించినప్పుడల్లా కుర్రాళ్ల కాలు యాక్సిలరేటరు మీద బరువెక్కుతుంది. ఆ దారి మీద ఎదురయ్యేది ఎవరి బిడ్డో తెలియదు. ట్రాక్ మీద అందరూ ఒకే వైపు వెళతారు, జెండా పట్టుకున్న మనిషి ఉంటాడు, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. వేగం మీద మోజు ఉన్న పిల్లవాణ్ని వద్దని అరవడం కన్నా, "సరే, ట్రాక్ మీదే నడుపు, రోడ్డు మీద వద్దు" అని మాట తీసుకుని, ఆ షరతు మీద వాడి సొంత డబ్బుతో పాత కారు కొననివ్వడం మంచిదని నా అభిప్రాయం. తల్లిదండ్రులు ఒకసారి ఇరుంగాట్టుకోట్టై వెళ్లి, గ్యాలరీలో కూర్చుని పోటీ చూసి రండి. ఆ తరువాత సరేననడమో కాదనడమో చేస్తే, ఆ మాటకు పిల్లల దగ్గర విలువ ఉంటుంది.