ఆవడి ట్యాంకు, జర్మనీ ఇంజను

చెన్నై నుంచి తిరువళ్లూరు వెళ్లే లోకల్ రైలు ఆవడి, హిందూ కాలేజీ స్టేషన్లు దాటాక పట్టాభిరామ్‌లో ఆగుతుంది. అక్కడ ఒక పట్టాల పాయ మిలిటరీ సైడింగ్ వైపు చీలిపోతుంది. పొరుగున ఆవడిలో 1961లో పెట్టిన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ సైన్యానికి ట్యాంకులు చేస్తుంది. విదేశీ సరుకును ప్రభుత్వం ఎలా ఆపుతుందో, ఆపలేక ఎక్కడ చతికిలపడుతుందో ఇక్కడ బాగా తెలుస్తుంది.

సుంకం వేరు, ఆంక్ష వేరు. సుంకం కట్టే స్తోమత ఉంటే ఎంతైనా తెచ్చుకోవచ్చు. ఆంక్ష పెట్టాక చేతిలో డబ్బున్నా సరుకు ఓడ దిగదు. కందుల సంగతే చూడండి. 2017 ఆగస్టులో కేంద్రం ఏడాదికి 2 లక్షల టన్నులకు మించి రానివ్వనంది. అది కోటా. 2021 మేలో ఆ కట్టడి ఎత్తేసింది. లైసెన్సు కథ ఇంకోలా ఉంటుంది: అనుమతి కాగితం ఉన్నవాడే తేవాలి. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్‌లకు అది తప్పనిసరి అన్నారు, మర్నాడే వాయిదా వేశారు. లైసెన్సుతో వచ్చే తంటా ఇదే. ఎవరికి ఇస్తారో, ఎప్పుడు ఇస్తారో అంతా అధికారి చేతిలో ఉంటుంది.

ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు ఇలాంటి ఆంక్షలను మామూలుగా ఒప్పుకోవు. అమెరికా వేసిన కేసులో 1999లో మనం ఓడాం. 2000 ఏప్రిల్‌లో 714, మరుసటి ఏడు 715 సరుకులపై ఆంక్షలు తీసేయాల్సి వచ్చింది. ఆయుధాలకు మాత్రం దేశభద్రత పేరిట మినహాయింపు ఉంది.

ఆ వెసులుబాటుతోనే రక్షణ శాఖ 2020 ఆగస్టు 9న 101 రకాల సామగ్రి దిగుమతిపై నిషేధం ప్రకటించింది. 2021 మే 31న మరో 108 చేర్చింది. ఆ రెండో జాబితాలో ట్యాంకు ఇంజన్లూ ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆవడికి 118 అర్జున్ ట్యాంకుల ఆర్డరు వచ్చింది, విలువ 7,523 కోట్ల రూపాయలు. ఆ అర్జున్‌లో ఉండేది మాత్రం జర్మనీ ఎం.టి.యు. కంపెనీ ఇంజను!

నన్నడిగితే, నిషేధం తప్పు కాదు. విదేశీ సరుకు రాదని తేలితేనే ఇక్కడి ఫ్యాక్టరీ ధైర్యంగా పెట్టుబడి పెడుతుంది. కానీ జాబితా రాయడం ఒక పూట పని, ఇంజను చేయడం ఏళ్ల పని. ఆవడిలోని రక్షణ పరిశోధన సంస్థ సి.వి.ఆర్.డి.ఇ. రూపొందించిన 1,500 హార్స్‌పవర్ ఇంజనును 2024 మార్చిలో మైసూరులోని బెమెల్ కంపెనీ ప్లాంటులో తొలిసారి నడిపి చూశారు. అది ట్యాంకులోకి ఎక్కి సరిహద్దులో పరుగెత్తిన రోజే ఆ జాబితాకు విలువ.