రాత్రి క్వార్టరు, తెల్లారి స్టీరింగు

లారీ డ్రైవరు ఎప్పుడు తినాలో లోడే చెబుతుంది. చిలకపాలెం నుంచి రాజాం, బొబ్బిలి మీదుగా వెళ్లి, సాలూరు ఘాటెక్కి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ చేరాల్సిన బండిలో పొద్దున టీ, బిస్కట్లు. మధ్యాహ్నం వీలైతే భోజనం, లేదంటే ఖైనీ. రోజంతా మాడిన కడుపుకి రాత్రి ధాబాలో ఒకేసారి పెద్ద భోజనం. దానికి ముందు ఓ క్వార్టరు. ఒళ్లు నొప్పులు తగ్గాలని, నిద్ర పట్టాలని తాగుతామంటారు. మందుతో కన్ను త్వరగానే మూతపడుతుంది. తెల్లవారుజామున ఆ నిద్ర చెదిరిపోతుంది, అలసట అలాగే మిగులుతుంది.

అసలు ప్రమాదం మర్నాడు పొంచి ఉంటుంది. క్వార్టరంటే 180 మిల్లీలీటర్లు. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ సుమారు 42.8 శాతం, అంటే ఆ సీసాలో దాదాపు 60 గ్రాములు. 60 కిలోల మనిషి ఖాళీ కడుపున అదంతా తాగితే నూరు మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ సుమారు 150 మిల్లీగ్రాములకు చేరుతుంది. ఒళ్లు దాన్ని గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించుకోగలదు. రాత్రి పదింటికి సీసా ఖాళీ చేసి, నాలుగింటికి మొహం కడుక్కుని బండి తీసిన మనిషి రక్తంలో ఇంకా 60 దాకా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30. మత్తు దిగిపోయిందనే అతను నమ్ముతాడు. టీ, నిమ్మరసం, చన్నీళ్ల స్నానం ఏవీ ఈ లెక్కను మార్చలేవు. ముందే అన్నం తింటే మందు మెల్లగా ఎక్కుతుంది, అంతే.

షుగరు ఉన్న డ్రైవర్లకు ముప్పు ఇంకా ఎక్కువ. తిండి లేకుండా తాగితే కాలేయం రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిపోతుంది. ఇన్సులినో, కొన్ని రకాల మాత్రలో వాడేవారికి చెమటలు పట్టి, చూపు మసకబారి, స్టీరింగు ముందే స్పృహ తప్పవచ్చు. చూసినవాళ్లు తాగి పడిపోయాడనుకుంటారు. వైద్యం ఆలస్యమవుతుంది.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే సీసాలో చోడంబలి (రాగి అంబలి), వెంట ఓ ఉల్లిపాయ పెట్టుకుంటే మధ్యాహ్నం కడుపు మాడదు. ఇంతకంటే తేలికైన దారి లేదు.

తాగి నడుపుతూ మొదటిసారి దొరికితే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ సంగతి డ్రైవర్లందరికీ తెలుసు. అయిదు గంటలు పనిచేసిన వాళ్లకు కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పిన సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. లారీ యజమానులు ఆ అరగంట అన్నానికి వదలాలి. రాత్రి క్వార్టరు తాగిన డ్రైవరు చేతికి మర్నాడు ఎనిమిది దాటేదాకా తాళం ఇవ్వకూడదు.