దాల్ నుండి పాంగాంగ్ వరకు

కాశ్మీరులోని దాల్ సరస్సు నుండి లద్దాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు వరకు మేము దంపతులం కారులో ప్రయాణించాము. శ్రీనగర్ నుండి లేహ్ సుమారు 420 కిలోమీటర్లు. ఆ దూరానికి రెండు రోజులు కేటాయించుకున్నాము.

సోన్‌మార్గ్ దాటాక జోజిలా కనుమ వస్తుంది. అంతవరకు వెంట వచ్చిన పచ్చని అడవులు అక్కడితో ఆగిపోతాయి. వాన మేఘాలను ఆ పర్వతశ్రేణి అడ్డుకోవడం వల్ల అవతల అంతా చెట్టులేని కొండలే. ఆ రాత్రి కార్గిల్‌లో బస చేశాము. నాలుగు రకాతుల నమాజు ప్రయాణికునికి రెండుగా కుదించబడటం ఎంతటి కారుణ్యమో అలసిన శరీరానికి అక్కడ తెలిసింది.

మరునాడు 4,108 మీటర్ల ఎత్తైన ఫోటూలా దాటి లేహ్ చేరేసరికి మా శ్రీమతికి తలనొప్పి, ఆయాసం మొదలయ్యాయి. దాదాపు 3,500 మీటర్ల ఎత్తులోని ఆ పట్టణంలో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో కంటే మూడోవంతు తక్కువ. పాంగాంగ్ ఇంకా ఎత్తు. దారిలోని చాంగ్‌లా కనుమ 5,000 మీటర్లకు పైమాటే.

“ఇంత దూరం వచ్చాం. మీరు చూసి రండి, నేను గదిలో ఉంటాను” అన్నదామె. మేము వెళ్ళలేదు. వైద్యుని సలహాపై రెండు రోజులు విశ్రమించాము. సరస్సు ఒడ్డున గడపదలచిన రాత్రిని వదులుకున్నాము.

మూడవ రోజు ఆమె స్వస్థత చెందాక ఇద్దరం బయలుదేరాము. 130 కిలోమీటర్లకు పైగా పరచుకున్న ఆ ఉప్పునీటి సరస్సు ఎదుట గంటసేపు నిలిచి, వెలుగుండగానే వెనుదిరిగాము.

పాఠకులారా! లేహ్‌లో తొలి రెండు రోజులు విశ్రాంతికే కేటాయించండి. తలనొప్పి ముదిరితే పైకి వెళ్ళక, కిందికి దిగండి. సహచరుల్లో ఎవరి శ్వాస బలహీనమో, బండి వేగం వారిదే కావాలి.