బిరడాను తన్నేసిన నూనె

"సార్, ఆయిలు నల్లగైతే మైలేజీ పడిపోతాదంట గదా?"

ఇంటర్ మొదటి సంవత్సరం తరగతిలో స్నిగ్ధత పాఠం జరుగుతుండగా ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ నాన్న ఆలూరు నుంచి ఆదోనికి రోజూ పోయిరావడానికి సెకండ్ హ్యాండ్ మారుతి కొన్నాడు. రానూపోనూ యాభై కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. కొన్నప్పుడు లీటరుకు పద్దెనిమిది ఇస్తుందన్నారు, ఇప్పుడు పదిహేడు కూడా దాటడం లేదు. మూడు వేల కిలోమీటర్లకోసారి ఆయిలు మారిస్తే మైలేజీ మళ్ళీ వస్తుందని షెడ్డులో చెప్పారట. బండితో వచ్చిన పుస్తకంలో మాత్రం పదివేలని ఉంది. ఎవరి మాట వినాలి?

ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే ముందు నూనె ఇంజన్లో ఏం చేస్తుందో తెలియాలి. "రాపిడి తగ్గిస్తుంది" అని మనమంతా ఒక ముక్కలో తేల్చేస్తాం. ఎలా తగ్గిస్తుంది? దీనికి సమాధానం 1883లో, ఇంగ్లండులో, ఒక కర్ర బిరడా ఎగిరిపడినప్పుడు దొరికింది. విజ్ఞాన చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి.

రైలు ఇరుసుల బేరింగులు వేడెక్కి అరిగిపోవడం ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ఒక కమిటీ వేసి, ప్రయోగాల పనిని బీచం టవర్ అనే ఇంజనీరుకు అప్పగించింది. ఆయన నాలుగంగుళాల లావు ఉక్కు ఇరుసును తీసుకుని, దాని నెత్తిన కంచు బేరింగును బోర్లించి, దానిపై బరువు వేలాడదీశాడు. ఇరుసు కిందిభాగం నూనె తొట్టిలో మునిగి ఉంటుంది. ఇరుసు తిరిగితే నూనె దాన్ని అంటుకుని పైకి వస్తుంది. ఘర్షణ ఎంతో కొలవడం ఆయన పని, అంతకుమించి ఆయన ఏదీ వెతకలేదు.

ఆ కాలపు ఆచారం ప్రకారం బేరింగు పైభాగాన నూనె పోసేందుకు అరంగుళం రంధ్రం ఉండేది. తొట్టిలోంచే నూనె అందుతున్నప్పుడు ఆ రంధ్రంతో పనిలేదు. కానీ యంత్రం తిరుగుతుంటే నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికి కారసాగింది. టవర్ బిరడా బిగించాడు. నూనె దాన్ని బయటికి నెట్టేసింది. కర్రబిరడా కొట్టాడు, అదీ లేచిపోయింది. అప్పుడు ఆ రంధ్రానికి పీడనం కొలిచే మీటరు బిగించి చూశాడు. చదరపు అంగుళానికి 200 పౌండ్ల దాకా చూపే మీటరు అది, ముల్లు చివరికంటా పోయింది. బేరింగు మీద వేసిన బరువును దాని వైశాల్యానికి పంచితే వచ్చేది సుమారు 100 పౌండ్లే. మన కారు టైరులో పట్టేది 30 పౌండ్ల చిల్లర. ఏ పంపూ లేకుండా, ఇరుసు ఊరికే తిరగడం వల్ల, కంటికి కనిపించనంత సందులో ఇంత పీడనం పుట్టింది! అంటే ఉక్కు కంచును ఆనడమే లేదు. ఇరుసు నూనె మీద తేలుతోంది.

సరిగ్గా అదే ఏడాది రష్యాలో నికొలాయ్ పెత్రోవ్ కూడా బేరింగుల ఘర్షణ అంతా నూనె పొరలోనే జరుగుతుందని లెక్కగట్టి చెప్పాడు. ఆయన లెక్క అందమైనదే. కానీ అందులో ఇరుసు బేరింగుకు నట్టనడుమ ఉంటుందని అనుకున్నాడు. నట్టనడుమ ఉంటే సందు చుట్టూ ఒకే మందం, అప్పుడు నూనె బరువును మోయలేదు. ఇరుసు నడుమ నుంచి కాస్త పక్కకు జరగడమే అసలు కీలకమని 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ పట్టుకున్నాడు.

ఆయన వివరణను మన ఇంజన్లోకి తెచ్చి చూద్దాం. క్రాంక్‌షాఫ్టు తన బేరింగు రంధ్రంకన్నా ఒక వెంట్రుకవాసి సన్నం. బరువు మీద పడి అది ఒక పక్కకు ఒరుగుతుంది. దాంతో చుట్టూ ఉన్న సందు ఒకవైపు వెడల్పుగా మొదలై, పోనుపోను ఇరుకై, మళ్ళీ విప్పారుతుంది. లోహానికి అంటిన నూనె పొర లోహంతోనే కదులుతుంది, జారదు. దాని పక్క పొరను అది లాగుతుంది, ఆ పొర మరో పొరను. ఇలా షాఫ్టు తిరుగుతూ నూనెను వెడల్పు వైపు నుంచి ఇరుకులోకి లాక్కుపోతుంది. ఆరాధన రోజుల్లో మంత్రాలయంలో పెద్ద వీధి నుంచి చిన్న సందులోకి జనం తోసుకొస్తే సందు మొగదల ఎంత ఒత్తిడి పుడుతుందో ఊహించండి. నూనె నలగదు, వెనక్కి పోలేదు, ముందుకు దారి చాలదు. ఆ ఒత్తిడే షాఫ్టును ఎత్తి పట్టుకుంటుంది. దాని కింద మిగిలే పొర మందం కొన్ని మైక్రాన్లు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు.

ఈ ఒత్తిడి పుట్టాలంటే మూడు కావాలి: చిక్కదనం, వేగం, ఇరుకయ్యే సందు. ఒక్కటి లేకపోయినా పీడనం సున్నా. పొద్దున తాళం తిప్పిన క్షణంలో వేగం లేదు కాబట్టి లోహం లోహాన్ని గీసుకుంటుంది. ఇంజన్ "బోరుకొచ్చింది" అంటామే, ఆ అరుగుదలకు ఇలా ఆగి బయల్దేరే క్షణాలూ ఒక కారణం.

ఎద్దులబండి సంగతి చూడండి. దాని చక్రం ఎప్పుడూ ఆ మెల్లని వేగంలోనే ఉంటుంది, నూనెలో ఆ ఒత్తిడి పుట్టించేంత ఉరవడి దానికి రాదు. అందుకే మనవాళ్ళు ఇరుసుకు పలచటి నూనె పొయ్యలేదు. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టారు. నూనెల్లో ఆముదానిది ప్రత్యేకమైన గుణం. దాని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. ఆ అణువు నడుమ ఒక ఓహెచ్ గుంపు ఉంటుంది, అది లోహాన్ని పట్టుకుని వదలదు. వేగం లేకున్నా, పీడనం లేకున్నా, పైనుంచి బరువు నొక్కుతున్నా ఆ పొర అక్కడే ఉంటుంది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి, వేరుశనగతో పాటు రాశులు పోసే ఆముదాల్లో ఉన్నది ఈ అణువే.

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన పోటీ మొదలవుతుంది: ఆముదానికీ రాతినూనెకూ. 1909 నాటికి ఫ్రాన్సులో నోమ్ అనే విమాన ఇంజన్ వచ్చింది. అందులో క్రాంక్‌షాఫ్టు కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి గిరగిరా తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసు గుండానే లోపలికి పోతుంది. రాతినూనె పోస్తే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో సులువుగా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటి ఇంజన్లున్న విమానాలు చాలావరకు ఆముదం మీదే ఎగిరాయి. అదే 1909లో బ్రిటన్‌లో వేక్‌ఫీల్డ్ కంపెనీ ఆముదం కలిపిన మోటారు నూనెను క్యాస్ట్రాల్ పేరుతో అమ్మకానికి పెట్టింది. ఆ విమాన ఇంజన్లో పోసిన ఆముదం, మన కారులోలా అడుగున నూనె నిలిచే సంపులోకి తిరిగి రాదు, పొగతోపాటు బయటికి పోతుంది. కాబట్టి ఆ ఇంజన్లకు ఆయిలు మార్చే గడువే లేదు, ఎప్పటికప్పుడు కొత్త నూనే!

ఆముదం ఓడింది సరిగ్గా ఈ గడువు దగ్గర. నెలల తరబడి వేడి సంపులో ఉంచితే అది గాలిని పీల్చి బంకలా గడ్డకడుతుంది. రాతినూనెకు లోహాన్ని పట్టుకునే గుణం తక్కువే గాని, నిలకడ ఎక్కువ. 1940ల నుంచి జింకు, భాస్వరం, గంధకం ఉన్న ఒక మందును దానిలో కలపసాగారు. నూనె పాడవకుండా కలిపిన ఆ మందు, రాపిడి జరిగే చోట లోహం మీద మైక్రాన్‌లో పదోవంతు మందాన గాజులాంటి పూత కడుతుందని తర్వాత తేలింది. ఆముదం చేసే పనిని అది అందుకుంది. ఆ పైన మురికిని పట్టే డిటర్జెంట్లు, చలికీ వేడికీ సరిపోయే మల్టీగ్రేడ్లు, సింథటిక్‌లు వరసగా వచ్చాయి.

ఇప్పుడు మైలేజీ. 1902లో జర్మనీలో స్ట్రైబెక్ బేరింగుల ఘర్షణను కొలిచి ఒక వంపు గీశాడు. చిక్కదనాన్ని వేగంతో హెచ్చించి బరువుతో భాగించండి. ఆ విలువ మరీ తక్కువైతే లోహాలు తగిలి ఘర్షణ ఎక్కువ. కొంచెం పెరిగితే నూనె పొర నిలిచి ఘర్షణ అడుగుకు పడుతుంది. ఇంకా పెరిగితే నూనెను నూనెతో కోయడానికే శక్తి ఖర్చై ఘర్షణ మళ్ళీ పైకెక్కుతుంది. ఈ వంపు అడుగున నడిస్తే పెట్రోలు ఆదా. పొర తెగిపోనంత వరకు నూనె ఎంత పలచనైతే అంత మేలు. 20డబ్ల్యూ-40 నుంచి 5డబ్ల్యూ-30కి, అక్కడి నుంచి 0డబ్ల్యూ-20కి కంపెనీలు దిగింది ఇందుకే.

"మన ఎండలకు చిక్కటి ఆయిలే పొయ్యాలి" అని మన దగ్గర గట్టి నమ్మకం. బయట 43 డిగ్రీలున్నా 20 డిగ్రీలున్నా థర్మోస్టాట్ ఇంజనును ఇంచుమించు ఒకే వేడిమీద నడుపుతుంది, లోపల నూనె 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆయిలు గ్రేడులో చివరి సంఖ్య, 30 గాని 40 గాని, ఆ 100 డిగ్రీల దగ్గర చిక్కదనాన్నే చెబుతుంది. 40 డిగ్రీల దగ్గరున్న చిక్కదనం 100కి వచ్చేసరికి సుమారు ఆరోవంతుకు పడిపోతుంది. అలా పడిపోయాక మిగిలేదాన్ని లెక్కపెట్టుకునే బేరింగు సందును నిర్ణయించారు. ఇంజన్ బాగా అరిగి నూనె తాగుతుంటే ఒక మెట్టు చిక్కటిది వాడటంలో అర్థముంది. బాగున్న ఇంజన్లో అలా పోయడం పెట్రోలు దండగ.

ఎంత దండగ? అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం పుస్తకంలో చెప్పిన గ్రేడు వాడితే ఒకటి నుంచి రెండు శాతం మైలేజీ మెరుగు. లీటరుకు 18 కిలోమీటర్ల బండికి అది 180 నుంచి 360 మీటర్లు. పదివేల కిలోమీటర్లకు సుమారు 555 లీటర్ల పెట్రోలు కాలితే, ఒకటిన్నర శాతమంటే ఎనిమిది లీటర్లు. అది కూడా గ్రేడు తేడా వల్ల వచ్చేది. ఒకే గ్రేడులో పాత నూనె తీసి కొత్తది పోస్తే వచ్చే తేడా అంతకన్నా చిన్నది. ఆ ఎనిమిది లీటర్ల డబ్బుతో మూడు లీటర్ల ఆయిలు, ఫిల్టరు రావు. మైలేజీ కోసం మూడు వేలకే మార్చడం ఏ లెక్కన చూసినా నష్టమే.

మరి ఆ కిలోమీటరు ఎక్కడ పోయింది? ముందు టైర్లలో గాలి చూడాలి. ఆ తర్వాత బంకులో పోసే పెట్రోలు. ఇప్పుడది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలుకన్నా తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి, ఈ10కి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన పత్రమే అంచనా వేసింది. పద్దెనిమిదిలో అది కిలోమీటరు పైమాట. ఇది సంపులో నూనె మార్చితే తిరిగొచ్చేది కాదు.

అయినా గడువును అశ్రద్ధ చేయమని నేననను. గడువు ఇంజన్ ఆయుష్షు కోసం. నూనె నల్లబడటం గడువు తీరిందనడానికి గుర్తు కాదు. మసిని గడ్డకట్టనీయకుండా డిటర్జెంటు తనలో పట్టి ఉంచినందువల్ల నల్లబడుతుంది, అది పనిచేస్తోందని అర్థం. అసలు చేటు నీళ్ళది, ఆమ్లాలది, దుమ్ముది. ఒక లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక లీటరు నీరు పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగులను దాటి సంపులోకి దిగుతుంది. ఆలూరు నుంచి ఆదోనికి అరగంట ఆగకుండా నడిస్తే నూనె బాగా కాగి ఆ తేమ ఆవిరైపోతుంది. ఆదోనిలో బజారుకు రెండు కిలోమీటర్లు, బడికి ఒకటిన్నర తిరిగే బండిలో నూనె ఎన్నడూ పూర్తిగా కాగదు, నీరు అందులోనే ఉండిపోతుంది. మీటరులో తక్కువ తిరిగినా ఆ బండి నూనే త్వరగా చెడుతుంది. రోజూ దూరం పోయే బండికి పుస్తకంలోని పదివేలు ధైర్యంగా వాడుకోవచ్చు. చిన్న చిన్న దూరాలు, మట్టి దారులు ఎక్కువైతే ఇంకా ముందే మార్చమని అదే పుస్తకంలో ఉంటుంది. చాలామంది ఆ పేజీ చదవరు.

దుమ్ము గురించి మన వైపువాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. నూనె పొర కొన్ని మైక్రాన్లేనని చెప్పుకున్నాం. అదే కొలతలో ఉన్న మట్టిరేణువు పొరను దాటి రెండు లోహాలనూ ఒకేసారి గీస్తుంది. అంత సన్న రేణువులను ఆయిల్ ఫిల్టరు పూర్తిగా పట్టలేదు. వాటిని ఆపాల్సింది గాలి ఫిల్టరు. ఇంజెక్షన్ ఇంజన్లలో మూసుకుపోయిన గాలి ఫిల్టరు వల్ల మైలేజీ తగ్గదని అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల పరీక్షించి చెప్పింది, పికప్ మాత్రం తగ్గుతుంది. కాబట్టి దాన్ని మార్చేది పెట్రోలు కోసం కాదు, బేరింగుల కోసం. చిరిగిన ఫిల్టరుతో నల్లరేగడి చేల దారిలో ఒక ఎండాకాలం తిరిగితే, ఎంత ఖరీదైన నూనె పోసినా ఆ గీతలు మాసిపోవు.

పాత బండి కొన్నవాళ్ళు అమ్మినవాళ్ళ మాట మీద గడువు లెక్కించకుండా, ఇంటికి తెచ్చిన వారంలోనే నూనె, ఫిల్టరు మార్చి, ఆ రోజు రీడింగు రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత నూనె పరిస్థితి ఇంట్లోనే చూడొచ్చు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ చివర నుంచి ఒక్క చుక్కను వడపోత కాగితం మీద వేసి, కదపకుండా కొన్ని గంటలు వదిలేయండి. నడుమ నలుపు అంచులవైపు మెల్లగా పలచబడుతూ సమంగా పాకితే డిటర్జెంటు ఇంకా మసిని మోస్తోంది. నలుపంతా నడుమ ముద్దకట్టి, గీత గీసినట్టు ఆగిపోయి, దాని చుట్టూ పసుపు నూనె మాత్రమే పాకితే పట్టు వదిలేసింది, ఇక మార్చాలి. ఆమ్లాలను విరిచే క్షారం ఎంత మిగిలిందో మాత్రం ఈ మచ్చ చెప్పదు. అందుకే పదివేలు తిరగకపోయినా, ఇంట్లో నిలబడే ఉన్నా, ఏడాది నిండితే ఆ నూనె దించేయాల్సిందే.