పతాకధారుల వంశకథ

1916 జూలై 30వ తేదీన, తెల్లవారుటకు ఇంకను చాలా ప్రొద్దుండగానే, న్యూయార్కు రేవునకు ఆవలియొడ్డున, జెర్సీ నగరమును ఆనుకొనియున్న బ్లాక్ టామ్ అను చోట, ఐరోపా రణరంగమునందలి మిత్రరాజ్యములకు పంపుటకై రైలుపెట్టెలలోను పడవలలోను నింపియుంచిన మందుగుండు సామగ్రి పేలిపోయినది. ఆ పేలుడునకు మన్‌హట్టన్ మేడల కిటికీ అద్దములు పగిలి వీథులలో రాలినవి. స్వేచ్ఛాప్రతిమకు సైతము ఇనుపతునకలు వచ్చి తగిలినవి. ఆమె చేత నెత్తిపట్టిన కాగడాలోనికి సందర్శకులు ఎక్కుమార్గము నాడు మూయబడినది మొదలు నేటివఱకు తెఱవబడలేదు. ఇది జర్మనీ గూఢచారుల పనియేనని ఉభయదేశముల పరిహార విచారణసంఘము నిర్ణయించుటకు 1939వ సంవత్సరము రావలసివచ్చినది. పరిహారపు తుదివిడత 1979లో గాని ముట్టలేదు.

ఆ నిర్ణయము వెలువడిన కొలదినెలలకే, 1940 జనవరి సంచికగా, 'పెప్ కామిక్స్' అను బొమ్మల కథల పత్రిక న్యూయార్కు దుకాణములకు వచ్చినది. మోరిస్ కోయిన్, లూయీ సిల్బర్‌క్లైట్, జాన్ గోల్డ్‌వాటర్ అను ముగ్గురు భాగస్వాములు నడపిన ఎమ్.ఎల్.జె. సంస్థ దాని ప్రచురణకర్త. హ్యారీ షార్టెన్ వ్రాయగా అర్వ్ నోవిక్ బొమ్మలు వేసిన 'షీల్డ్' అను వీరుడు అందు ప్రథమమున కానవచ్చెను. ఒడలెల్ల జాతీయపతాకపు వన్నెలు ధరించి, ఎదురురొమ్మునే డాలుగా నొడ్డి, గుండ్లకును నిప్పునకును లోబడక శత్రువుల కుట్రలను ఛేదించు ఇట్టి పతాకధారి అమెరికా బొమ్మల కథలలో అంతకుముందు లేడు. కెప్టెన్ అమెరికా ఇతనికి తరువాత పుట్టినవాడే. మొదట అతడు పట్టిన కోణపు డాలు షీల్డు కవచమును మిక్కిలి పోలియున్నదని గోల్డ్‌వాటర్ అభ్యంతరము తెలుపగా, జో సైమన్, జాక్ కర్బీ అను అతని కర్తలు రెండవ సంచికలోనే దానిని గుండ్రని డాలుగా మార్చిరి. ఈనాడు లోకమంతయు గుర్తించు ఆ వర్తులఫలకము వెనుక, లోకము మఱచిన షీల్డు ఉన్నాడు.

అయినను ముందు పుట్టినవాడను ఘనత ఒక్కటియే అయినచో షీల్డును గూర్చి ఇంత వ్రాయనక్కఱలేదు. అతని పుట్టుపూర్వోత్తరములను 1940 వేసవిలో 'షీల్డ్-విజార్డ్ కామిక్స్' మొదటి సంచిక చెప్పినది. జో హిగ్గిన్స్ తండ్రి టామ్ హిగ్గిన్స్ సైన్యమున లెఫ్టినెంటు, రసాయనశాస్త్రమున నిపుణుడు; మానవదేహమునకు అసాధారణబలము నొసగు సూత్రమొకదానిపై పరిశ్రమించుచుండెను. బ్లాక్ టామ్ పేలుడులో అతడు ప్రాణములు కోల్పోవుటయే గాక, ఆ ఉపద్రవమునకు నింద కూడ మృతుడైన అతనిపైననే పడినది. చేసిన కుట్ర శత్రువులది, మోసిన అపకీర్తి దేశభక్తునిది. కొడుకునకు దక్కిన పితృధనము రెండే వస్తువులు: ఒక అసంపూర్ణసూత్రము, ఒక మచ్చపడిన పేరు.

అభిమన్యునకు తండ్రివలన పద్మవ్యూహప్రవేశమే లభించి నిర్గమనము లభింపనట్లు, జో హిగ్గిన్సునకు సైతము తండ్రివిద్య సగమే అందినది. అయితే ఈ బాలుడు పెరిగి, రసాయనశాస్త్రము నభ్యసించి, కొఱవడిన సగమును తానే సాధించెను. త్రికాస్థి, హృదయము, నాడీమండలము, నేత్రములు, ఊపిరితిత్తులు, చర్మము అను ఆఱు స్థానముల ఆంగ్లనామములలోని తొలియక్షరములే అతని మాఱుపేరు. అమెరికా నేరపరిశోధకశాఖాధిపతియైన ఎడ్గార్ హూవర్ ఒక్కనికి మాత్రమే అతని రహస్యము తెలియును. యథార్థముగ అప్పుడు పదవిలోనున్న అధికారిని కల్పితవీరునకు సంరక్షకునిగ నిలుపుట నాటి ప్రచురణకర్తల సాహసము. ఇంతయు ఎందుకనగా, తండ్రిపేరు కడిగివేయుటకు. దేశరక్షణ అతని వృత్తి. అతని వ్రతము మాత్రము తండ్రి నిర్దోషిత్వనిరూపణమే.

మనుష్యుడు పుట్టుకతోనే ఋణములతో పుట్టునని మన శ్రుతులు చెప్పినవి. వానిలో పితృఋణము సంతానము వలననే తీరునని మన విశ్వాసము. ఈ బొమ్మల కథలు వ్రాసినవారికి మన శ్రుతులతో పరిచయము లేకపోవచ్చును. అయినను పతాకధారిని కల్పింపబూనినప్పుడు వారు మొట్టమొదట కల్పించినది తండ్రి బాకీని. దేశభక్తి అను భావము ఒక బాలుని హృదయమున ఎట్లు నాటుకొనునన్న ప్రశ్నకు వారిచ్చిన సమాధానములో సిద్ధాంతము లేదు, ప్రసంగము లేదు. ఇంటిలో తీరని లెక్క ఒకటి ఉన్నది. పతాకధారుల వంశములలో తండ్రినుండి బిడ్డకు నిజముగ సంక్రమించునది బలము కాదనియు, అపరిష్కృతమైన ఒక బాధ్యత యనియు, ఆ బాధ్యత నెఱిగి వ్రాసిన కథలే నిలిచినవనియు నా నిశ్చితాభిప్రాయము.

ఈ కథలు అల్లినవారిలో పలువురు వలసవచ్చిన యూదుల బిడ్డలు. సైమన్ తండ్రి ఇంగ్లండులోని లీడ్స్ నగరమునుండి వచ్చిన దర్జీ. కర్బీ తల్లిదండ్రులు ఆస్ట్రియానుండి వచ్చి, న్యూయార్కు నగరపు ఇఱుకు పేటలో కాపురము పెట్టినవారు. సూపర్‌మాన్ సృష్టికర్తలలో ఒకడైన జెర్రీ సీగెల్ తల్లిదండ్రులు లిథువేనియా వారు. తమ తండ్రులది మఱియొక నేల. తమది ఈ నేల. తండ్రి ఇచ్చిన జెండా అనునది ఇట్టి కుమారులకు ప్రత్యక్షానుభవమున లేని వస్తువు కనుకనే, కాగితముపై దానిని ఇంత ఆర్తితో కుట్టియుందురు.

షీల్డు వైభవము చిరకాలము సాగలేదు. 1941 డిసెంబరు నాటి 22వ పెప్ సంచికలో ఆర్చీ ఆండ్రూస్ అను పాఠశాల కుఱ్ఱవాడు ప్రవేశించి, తన చిలిపిచేష్టలతో పాఠకుల మనస్సులు దోచి, క్రమముగ ముఖపత్రమును ఆక్రమించెను. షీల్డు పేర వెలసిన బాలసంఘము ఆర్చీ సంఘమైనది. సంస్థ పేరే ఆర్చీ కామిక్స్ అయినది. 1948 నాటికి ఆ పుటలలో పతాకధారికి చోటు లేకపోయినది. 1959లో సైమన్, కర్బీలు ఆ సంస్థకే లాన్సలాట్ స్ట్రాంగ్ అను వేఱొక షీల్డును సృష్టించిరి. ఇతని తండ్రి డాక్టరు ఫ్లెమింగు పసికందుపైననే ప్రయోగము చేసిన శాస్త్రజ్ఞుడు, విదేశ గూఢచారులవలన హతుడైనవాడు. సూపర్‌మాన్ యజమానుల అభ్యంతరము వలన అది రెండు సంచికలతో ఆగినది.

1965లో షీల్డు మరల వచ్చెను. ఈసారి ఆ వస్త్రము ధరించినవాడు జో కాడు, అతని కొడుకు బిల్ హిగ్గిన్స్. తండ్రి ఒక దుష్టుని చేతిలో నిశ్చలవిగ్రహముగ మాఱిపోగా, కుమారుడు ఆ వేషమును, ఆ పేరును, ఆ శత్రువులను స్వీకరించెను. టామ్ నుండి జో, జో నుండి బిల్: మూడు తరములు. ఈ మూడవ తరమును వ్రాసినవాడు జెర్రీ సీగెల్, బొమ్మలు వేసినవాడు పాల్ రైన్‌మన్.

సీగెల్ బ్రతుకు తెలిసినవారు ఈ విషయమును ఉదాసీనముగ చదువజాలరు. 1932లో క్లీవ్‌లండు నగరమున అతని తండ్రి తన బట్టల దుకాణములో దొంగతనము జరుగుచుండగా గుండె ఆగి మరణించెను. జెర్రీకి అప్పటికి ఇరువదియేండ్లు నిండలేదు. 1938లో అతడును, మిత్రుడు జో షుస్టరును కలిసి సూపర్‌మానును నూటముప్పది డాలర్లకు ధారపోసిరి. 1947లో వేసిన దావాలో వారి కోరిక నెఱవేఱలేదు. సృష్టికర్తలుగ వారి పేళ్ళు మరల అచ్చుకెక్కుటకును, సంవత్సరమునకు ఇరువదివేల డాలర్ల భరణము లభించుటకును 1975 వఱకు ఎదురుచూడవలసివచ్చినది. తండ్రిని అకాలమున పోగొట్టుకొన్నవాడు, తాను కన్న మానసపుత్రుని పరులపాలు చేసికొన్నవాడు, విగ్రహమైన తండ్రి యెదుట నిలిచిన కొడుకు కథ వ్రాసెను. అతడు తన దుఃఖమునే వ్రాసెనని చెప్పుటకు నాకు అధికారము లేదు. ఆ కథలు హడావుడిగా వ్రాయబడినవి, సంభాషణలు బిగ్గఱగా అఱచునట్లుండును, బిల్లునకు వస్త్రమున్నంతగా బాధ్యత లేదు. వంశకథగా చూచినచో మూడు తరములలో ఇదియే బలహీనమైనది. అయినను ఆ పుటలను తిరుగవేయునప్పుడు మనస్సు బరువెక్కకపోదు.

అట్లాంటిక్ ఆవలి పతాకమునకును ఒక వంశము కలదు. 1976లో మార్వెల్ సంస్థ 'ఇన్వేడర్స్' ఏడవ సంచికలో రాయ్ థామస్, ఫ్రాంక్ రాబిన్స్ అనువారు ఫాల్స్‌వర్త్ ప్రభువును ప్రవేశపెట్టిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున అతడు బ్రిటిష్ జెండాను ఎదపై ధరించి, 'యూనియన్ జాక్' అను పేర పోరాడినవాడు. రెండవ యుద్ధమున వార్ధక్యమును లెక్కింపక ఆ వేషమును తిరిగి తొడిగి, రక్తపిశాచమైన సొంత తమ్మునితో పోరాడి కాళ్ళు పోగొట్టుకొన్నవాడు. కుమారుడు బ్రయన్, జర్మనీతో మైత్రియే శాంతిమార్గమని నమ్మి యుద్ధమునకు ముందు ఆ దేశమునకేగి, అచటనే చెఱబడెను. తాను నమ్మినది తప్పని చెఱసాలలో ఎఱిగిన కొడుకు తండ్రి జెండాను తొడుగుట 1977నాటి కథ. షీల్డు వంశమున కొడుకు తండ్రికి పడిన మచ్చను కడిగెను. ఇచట కొడుకు తన మచ్చను తండ్రి వస్త్రముతో కడిగికొనెను. ఋణము తలక్రిందైనను ఋణమే.

ఈ వంశము 1981లో 'కెప్టెన్ అమెరికా' 253, 254 సంచికలలో తెగినది. రోజర్ స్టర్న్, జాన్ బర్న్ అనువారు తెంపిన విధము నాకెంతయు ప్రీతిపాత్రము. వృద్ధప్రభువు కుర్చీకి పరిమితుడైయుండెను, బ్రయన్ గతించెను, కుమార్తె జాక్లిన్ కొడుకు కెన్నెత్ రక్తహీనుడు, ఆ భారమునకు చాలినవాడు కాడు. రక్తపిశాచము మరల ఊరిపై పడినప్పుడు ఆ జెండాను తొడిగినవాడు జో చాప్‌మన్, కెన్నెత్ మిత్రుడు, మాంచెస్టరులో ఓడలు కట్టు శ్రామికుని బిడ్డ. ప్రభువుల కోటలో రెండు తరములు వ్రేలాడిన వస్త్రము కార్మికుని కొడుకు భుజములకు సరిపోయినది. పతాకము ఒక ఇంటిదై యున్నంతకాలము అది ఆ ఇంటి కీర్తికే చిహ్నము. దేశమునకు చిహ్నము కావలెననినచో ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు దాటవలెను. ప్రభువు ఆ కథలోనే కన్నుమూసెను, చాప్‌మనుని కళ్ళారా చూచిన పిదప.

పరంపరలో సులభముగ నోరు మెదపజాలని తరమొకటి ఇంకను కలదు. 2003లో రాబర్ట్ మొరాలెస్ వ్రాయగా కైల్ బేకర్ చిత్రించిన 'ట్రూత్' అను ఏడు సంచికల గాథలో, కెప్టెన్ అమెరికాకు బలమిచ్చిన ఔషధమును సైన్యము నల్లజాతి సైనికులపై పరీక్షించినదనియు, వారిలో మిగిలిన ఐజయా బ్రాడ్లీ పతాకవేషమును దొంగిలించి తొడిగి శత్రుభూమిలో పోరాడినందుకు కారాగారమున మ్రగ్గెననియు చెప్పబడినది. అలబామాలోని టస్కెగీలో 1932 నుండి 1972 వఱకు నల్లజాతి రోగులకు చికిత్స నీయక వ్యాధి ఎట్లు ముదురునో పరిశీలించిన ప్రభుత్వపరిశోధన నిజచరిత్ర. ఆ దారుణమునకు అధ్యక్షుడు 1997లో క్షమాపణ చెప్పవలసివచ్చినది. మొరాలెస్ గాథ ఆ గాయమునుండి పుట్టినది. ఇక్కడ దేశమే ఋణగ్రస్త, వీరుడే ఋణదాత.

2005లో అలన్ హైన్‌బర్గ్, జిమ్ చుంగ్ అనువారి 'యంగ్ అవెంజర్స్' కథలో ఐజయా మనుమడు ఈలై 'పేట్రియట్' అను పేర బయలుదేరెను. తాతగారి బలము తనకు అబ్బినదని మిత్రులకు చెప్పుకొనెను. కాని అది అబద్ధము, అతడు రహస్యముగ మందులు సేవించి ఆ బలమును తెచ్చుకొనుచుండెను. తాతపై జరిగిన ప్రయోగమునే మనుమడు తనపై తాను చేసికొనుచుండెనన్నమాట; ఇంతకంటె లోతైన కల్పన పతాకధారుల కథలలో నేనెఱుగను. బయటపడిన పిదప సిగ్గుతో వేషమును విడిచెను. తరువాత కెప్టెన్ అమెరికాకు తగులవలసిన దెబ్బకు తానడ్డమై, మృత్యుముఖమున పడియుండగా, వైద్యులు ఐజయా రక్తమును అతనికి ఎక్కించిరి. మందులవలన నిలువని బలము ఆ నెత్తురువలన నిలిచినది. అతడు ఆ పేరుతోనే మరల జట్టులో చేరెను.